‘మంచు మిట్ట’ విడుదల మూడు వారాలు ఆగిన వైనం

కరోనా సద్దుమణిగి ఆఫీసులు మళ్ళీ తెరుచుకున్న మరుసటి ఏడాది వేసవిలో, తిరుపతిలోని ఒక చిన్న గేమ్ స్టూడియోలో టెస్టింగ్ విభాగానికి లీడ్‌గా చేరాను. అంతకుముందు ఇరవై ఎనిమిదేళ్ళు చెన్నైలో బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించిన దాన్ని. సొంత ఊరికి దగ్గరగా ఉద్యోగం దొరికిందన్న సంతోషంలో, ఆ కంపెనీ ఏం తయారు చేస్తుందో సరిగ్గా అడగకుండానే ఒప్పుకున్నాను. చేరిన రోజున నా ముందు ఒక ఫోను పెట్టి ఆవుకు గడ్డి వేయమన్నారు.

విభాగం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక బట్టల దుకాణం పైన మూడు గదులు. అందులో ఒక గదిలో నేను, ఇద్దరు టెస్టర్లు, రకరకాల పాత ఫోన్లతో నిండిన ఒక బీరువా. టెస్టరు పని ఆట ఆడుకోవడమని బంధువులందరూ అనుకునేవారు. నిజానికి ఒకే గేటును రెండు వందల సార్లు తెరిచి, మూసి, రెండు వందల ఒకటోసారి ఏమవుతుందో రాయడం మా పని. దొరికిన ప్రతి లోపానికీ ఒక గ్రేడు ఇస్తాం. ఆట ఆగిపోతే మొదటి గ్రేడు. ఒక భాగం పనిచేయకపోతే రెండు. చిరాకు పెట్టేవి మూడు. అక్షర దోషాలు, రంగు తేడాలు నాలుగు. మొదటి గ్రేడు లోపం ఒక్కటి మిగిలి ఉన్నా విడుదల పత్రం మీద లీడ్ సంతకం పెట్టకూడదు. ఆ స్టూడియోలో నాకున్న అధికారమల్లా ఆ సంతకమే.

మా ఆట పేరు ‘మడీ మందా’. కొండ కింద ఒక ఎకరా నేల, ఒక బావి, మోటరు, ఒక ఆవు ఇస్తాం. మిగతాది ఆడేవాళ్ళ కష్టం. అందులోని మనుషులు మా జిల్లా మాట మాట్లాడతారు కాబట్టి చిత్తూరు నుంచి శ్రీకాళహస్తి దాకా చాలామంది ఫోన్లలో ఉండేది. నేను చేరిన రెండో ఏడు దానికి ఎక్స్‌పాన్షన్ తయారైంది. ఎక్స్‌పాన్షన్ అంటే కొత్త ఆట కాదు. ఉన్న ఆటకే కొత్త ప్రాంతం, కొత్త పనులు చేర్చి, పాతవాటిని మెరుగుపరిచి ఇవ్వడం. దీనికి ‘మంచు మిట్ట’ అని పేరు పెట్టాం. పలమనేరు వైపు లాంటి చల్లటి మిట్ట నేల, పొద్దున్నే పొగమంచు, టమాటా తోటలు, జెర్సీ లాంటి సీమ ఆవులు, వెన్న శాతం చూసి పాలు పోయించుకునే కేంద్రం, వారానికోసారి పశువుల సంత. ఇవి కొత్తవి. మెరుగుపరిచిన వాటిలో ముఖ్యమైనవి రెండు. ఇదివరకు తెర నాలుగు మూలల్లో కదలకుండా ఉండే బటన్లు ఇప్పుడు ఆవు దగ్గరికి పోతే ఆవు పక్కన, మోటరు దగ్గరికి పోతే మోటరు పక్కన వస్తాయి. రెండోది శబ్దం.

శబ్దం పని జోసెఫ్‌ది. చిత్తూరు వాడు, ముప్పై దాటిన వయసు, ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేవాడు. మొదటి ఆటకు డబ్బు లేక అతను శబ్దాలన్నీ ఒక వారంలో తన ఇంట్లోనే చేశాడు. పాలు పితికే శబ్దం వాళ్ళమ్మ చెంబులో నీళ్ళు పోస్తుంటే పట్టింది. ఒక పనికి ఒకటే శబ్దం, ఎన్నిసార్లు చేసినా అదే. ‘మంచు మిట్ట’ కోసం మాత్రం ఎనిమిది నెలలు పలమనేరు చుట్టుపక్కల పశువుల కొట్టాల్లో తిరిగాడు. ఆవు అరుపే పదహారు రకాలు పట్టుకొచ్చాడు. ఏ శబ్దమూ వెంటనే తిరిగి వినబడకుండా మార్చి మార్చి వచ్చేట్టు అమర్చి, అన్నిటికీ అడుగున వేణువుతో సంగీతం కట్టాడు. మొదటిసారి విన్నప్పుడు మేమంతా చప్పట్లు కొట్టాం.

విడుదలకు పది రోజుల ముందు, ముందుకొచ్చిన కొందరు ఆటగాళ్ళకు ట్రయల్ వెర్షన్ ఇచ్చాం. లోపాలుంటే చెప్పమని మా గది ఫోను నంబరు పెట్టాం. రెండో రోజు పదకొండు గంటలకు ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. పేరు మునిరత్నం, ఊరు వడమాలపేట.

“మేడం, మీ ఆట నాకు కనబడకుండా పోయింది.”

మా పద్ధతి ప్రకారం ముందు ఫోను మోడలు అడిగాను. చెప్పాడు. ఏ వెర్షను, ఎప్పటి నుంచి, ఆట తెరిచాక ఏం చేస్తే ఇలా అయిందని వరసగా అడిగాను. అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పాడు.

“స్క్రీన్ నల్లగా ఉందా అండీ?”

“అది తెలీదమ్మా. కొట్టం యాడుండాదో తెలీడంల్యా. బావి యాడుండాదో తెలీడంల్యా. నిన్నటి దాకా బాగుండె.”

‘తెర నల్లబడుతోంది’ అని రాసుకున్నాను. మా బీరువాలో అదే మోడలు ఫోను ఉంది. ఇద్దరు టెస్టర్లూ సాయంత్రం దాకా దాన్ని రకరకాలుగా హింసించారు. తెర వెలుగుతూనే ఉంది. మా ఫారంలో ఇలాంటి వాటికి ఒక గడి ఉంటుంది: ‘మా దగ్గర రాలేదు’. దాంట్లో టిక్కు పెట్టి ఫిర్యాదు మూసేశాను.

మర్నాడు మళ్ళీ ఫోన్ చేశాడు. మా దగ్గర రాలేదని చెప్పాను.

“మీ కాడ రాకుంటే నా కాడ రానట్లేనా మేడం? నేనేమన్నా అబద్ధం చెప్తా ఉండానా?”

గొంతులో కోపం కన్నా కంగారు ఎక్కువ ఉంది. ఉద్యోగ జీవితంలో ఒక్క ఫిర్యాదు కోసం బస్సెక్కడం అదే మొదటిసారి. పుత్తూరు బస్సులో వడమాలపేట ఎంత దూరమని, ఆ మర్నాడు పొద్దున పది గంటలకల్లా వాళ్ళ ఇంటి ముందు ఉన్నాను. వరండాలో ఒకామె మిషను కుడుతోంది, ఆయన భార్య సుగుణమ్మ. ఆయన స్టూలు మీద నుంచి లేచి, నా గొంతు వచ్చిన వైపు రెండడుగులు వేశాడు.

“రాండి మేడం. మీకు ఎడం పక్క కుర్చీ ఉండాది, కూర్చోండి.”

ఆయన ఫోను తీసుకుని చూశాను. ఆట తెరిచే ఉంది. పొగమంచు, కొట్టం, ఆవు, అన్నీ చక్కగా కనిపిస్తున్నాయి.

“స్క్రీన్ బాగానే ఉండాదే అన్నా,” అన్నాను. అప్పటికే నేనూ మా మాటలోకి దిగిపోయాను.

సుగుణమ్మ మిషను ఆపింది. “ఆయనకు కండ్లు కనబడవు కదా మేడం. ఫోన్లో చెప్పలేదా?”

“ఆమె అడగలేదు, నేను చెప్పలేదు,” అన్నాడాయన తేలిగ్గా.

ఫోను మోడలు దగ్గర నుంచి బ్యాటరీ శాతం దాకా అడిగిన దాన్ని, ఆ ఒక్కటీ అడగలేదు. చక్కెర జబ్బుతో నాలుగేళ్ళ కింద చూపు పోయిందట. వెలుతురు తెలుస్తుంది, మనిషి తెలియడు. అంతకుముందు ఇరవై ఆరేళ్ళు లారీ తోలినాడు. మదనపల్లె టమాటా మద్రాసుకు, అక్కడి నుంచి ఏది దొరికితే అది ఇటు.

“మరి ఈ ఆట ఎట్ల ఆడతా ఉంటిరి అన్నా?”

ఆయన నవ్వి, భార్య ఫోను తెమ్మన్నాడు. దాంట్లో పాత వెర్షనే ఉంది. ఆ తర్వాతి అరగంట నేను చూసింది నా ముప్పై ఏళ్ళ సర్వీసులో చూడనిది. రెండు బొటనవేళ్ళూ తెర మూలల మీద పెట్టి, తల కొంచెం పక్కకు వంచి ఆడటం మొదలుపెట్టాడు. అడుగుల చప్పుడు మెత్తగా ఉంటే మడి, గరగరమంటే దోవ. మోటరు గొంతు మారితే బావిలో నీళ్ళు అడుగంటినట్టు. గంట చప్పుడు పెరిగే వైపు పోతే ఆవు.

“ఇప్పుడు ఈ చెంబు ఇనండి,” అన్నాడు. “అడుగున ఉండేటప్పుడు బొద్దుగా మోగుతాది. నిండేకొద్దీ సన్నంగా అయితాది. రొంత సన్నబడంగానే సెయ్యి తీసేయాల. ల్యాకుంటే పొంగిపోతాది.”

చెయ్యి తీశాడు. చెంబు అంచు దాకా నిండింది, ఒక్క చుక్క ఒలకలేదు. మా టెస్టర్లు కళ్ళు పెట్టి చూస్తూ ఆడి సగం పాలు ఒలకబోసేవారు.

తర్వాత కొత్త వెర్షను ఇచ్చాను. వేణువు మొదలైంది. అడుగు అడుగుకూ చప్పుడు మారుతోంది. మూలల్లో బటన్లు లేవు. ఆయన బొటనవేళ్ళు ఖాళీ తెర మీద కాసేపు వెతికి ఆగిపోయాయి.

“బాగుండాది మేడం పాట. సినిమా మాదిరి ఉండాది. కాకుంటే దాంట్లో నేను ల్యా.”

ఆట మీద అంత పట్టు ఎందుకని అడిగాను. ఆయన చెప్పింది చాలా మామూలుగా చెప్పాడు. ఇంట్లో ఎవరూ తనకు ఏ పనీ చెప్పరట. కాలు జారుతుందని నీళ్ళు కూడా తెచ్చుకోనివ్వరు. “ఈడైతే పొద్దున్నే మోటరు నేనే వేయాల. వేయకుంటే మడి ఎండిపోతాది. ఎండిపోతే తప్పు నాదే.” సుగుణమ్మ మళ్ళీ మిషను తొక్కసాగింది.

తిరుగు బస్సులోనే ఫిర్యాదు మళ్ళీ తెరిచి, మొదటి గ్రేడు ఇచ్చాను.

మా గేమ్ డైరెక్టరు మురళి తిరుపతి వాడే. నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. ‘మడీ మందా’ అతని ఆలోచనే. ఆ కంపెనీలో తుది నిర్ణయం డైరెక్టరుది. లీడ్ సంతకం పెట్టకపోతే, ఆ అభ్యంతరాన్ని ఫైలులో ఉంచి, తన సొంత బాధ్యత మీద విడుదల చేయవచ్చు. ఆ వారమే ఆటలు అమ్మే యాప్ స్టోరు మమ్మల్ని మొదటి పేజీలో చూపిస్తామని ఒప్పుకుంది. చిన్న స్టూడియోకు అలాంటి అవకాశం మళ్ళీ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు.

“అక్కా, ఆయన కత విని నాకూ బాధగానే ఉండాది,” అన్నాడు మురళి. “కానీ ఒక్కరి కోసం ఇంతమంది కష్టం ఆపమంటే ఎట్ల? ఇప్పుడు రిలీజ్ చేద్దాం. ఆయనకు కావాల్సింది తర్వాత నిదానంగా చేసిద్దాం.”

అతని మాటలో న్యాయం లేదని నేను అనలేను. ‘తర్వాత’ అన్నవి మా పనిలో ఎన్ని జరిగాయో నాకు తెలుసు, అంతే. వాదన పెంచకుండా ఒక గంట టైం అడిగాను. నా దగ్గర పెళ్ళిళ్ళలో ఇచ్చే తాంబూలం సంచులు చాలా ఉండేవి. ఆఫీసులో ఉన్న ఆరుగురికీ తలా ఒకటిచ్చి, ఫోను సంచిలో పెట్టి, చేతులు లోపల దూర్చి ఆడమన్నాను. మురళితో సహా అందరూ పసుపు సంచుల్లో చేతులు పెట్టుకుని కూర్చుంటే టీ తెచ్చినాయన వాకిట్లోనే నిలబడిపోయాడు.

ముందు పాత ఆట. పావుగంటకు ఒక టెస్టరు మోటరు వేయగలిగాడు. ఇంకో పది నిమిషాలకు జోసెఫ్ చెంబు నింపాడు. తర్వాత కొత్తది. గంట చివరికి ఒక్కరు కూడా కొట్టం దాకా పోలేదు. మురళి రెండుసార్లు బావిలో పడ్డాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

నవ్వనిది జోసెఫ్ ఒక్కడే. లేచి కిందికి వెళ్ళిపోయాడు. నేనూ వెనకే దిగాను. టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు.

“ఎనిమిది నెలలక్కా,” అన్నాడు. “ఆ చెంబు నీళ్ళ సౌండు తలుచుకుంటే నాకే సిగ్గు. అదే బాగుండాదంటే ఇంక నేను చేసిందంతా ఏంది?”

శబ్దం గురించి నాకేమీ తెలియదు. మునిరత్నంతో ఒకసారి మాట్లాడి చూడమని నంబరు ఇచ్చాను. మాట్లాడతాడో లేదో అనుకున్నాను. టీ కొట్టు బల్ల మీద కూర్చుని గంటకు పైగా మాట్లాడినట్టున్నాడు. పైకి వచ్చేసరికి మొహం మారిపోయింది. లారీ ఇంజను చప్పుడులో ఘాట్ రోడ్డు వాలు ఎట్లా తెలుస్తుందో, టైరులో గాలి తగ్గితే ఏ చెవికి ముందు తెలుస్తుందో ఆయన చెప్పాడట. “ఇంతకాలం సౌండు అందంగా ఉండాలనే చూసినా అక్కా. ఆయన సౌండును దోవ మాదిరి వాడుకుంటా ఉండాడు,” అన్నాడు.

జోసెఫ్ ప్రతిపాదన ఇది. కొత్త శబ్దాలు తీసేయనక్కర్లేదు. ప్రతి పనికీ, ప్రతి వస్తువుకూ మారని గుర్తు శబ్దం ఒకటి చేస్తాడు. సెట్టింగులలో ఒక మీట నొక్కితే సంగీతం ఆగి, గుర్తు శబ్దాలు పైకొస్తాయి, బటన్లు మూలలకు పోయి కదలకుండా ఉంటాయి. కొత్తగా చేర్చిన టమాటా తోట, పాల కేంద్రం, సంత అన్నిటికీ ఇదే పద్ధతి. పట్టే కాలం మూడు వారాలు.

మురళి మధ్యాహ్నం భోజనం చేయలేదు. నాలుగు గంటలకు తనే స్టోరు వాళ్ళకు ఫోన్ చేసి, మొదటి పేజీ వద్దని చెప్పేశాడు. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి, “దీంట్లో ఏం తేడా వచ్చినా మీ పేరే చెప్తానక్కా,” అన్నాడు. సగం తమాషాకు అన్నాడు. మిగతా సగం నాకు బాగానే అర్థమైంది.

మునిరత్నాన్ని మా టెస్టర్ల జాబితాలో అధికారికంగా చేర్చాం. జోసెఫ్ రోజూ కొత్త శబ్దాలు పంపేవాడు. ఆయన నిర్మొహమాటంగా తిప్పికొట్టేవాడు. పండిన టమాటాకు పెట్టిన శబ్దం వింటే తలుపు కొట్టినట్టుందని, ఎవరొచ్చినారోనని సుగుణమ్మ రెండుసార్లు లేచిందని చెప్పాడు. మార్చాం. ఆవులను విడివిడిగా గుర్తుపట్టాలని ఒక్కో ఆవుకు ఒక్కో శ్రుతిలో మెడగంట కట్టాడు జోసెఫ్. దాని వల్లే ఇంకో విషయం బయటపడింది.

రెండో వారంలో మునిరత్నం ఫోన్ చేశాడు. “మేడం, నిన్న సంతలో నాలుగు ఆవులు అమ్మినా. అవి ఇంకా నా కొట్టంలోనే ఉండాయి.”

తెర మీద కొట్టం ఖాళీగా ఉంది. గంటలు తప్పుగా మోగుతున్నాయేమోనని జోసెఫ్ ఒక పూటంతా తన పని తనే తనిఖీ చేసుకున్నాడు. గంటలు సరిగ్గానే ఉన్నాయి. అమ్మిన ఆవు బొమ్మ మాయమవుతోంది గాని, ఆవు మాత్రం ఫోను మెమరీలోంచి పోవడం లేదు. కనిపించకుండా అక్కడే తిరుగుతోంది. మా టెస్టర్లు ఒకటో రెండో అమ్మి, సంత పనిచేస్తోందని రాసుకున్నారు. ఆ రోజు వరసగా ముప్పై అమ్మి చూశాం. బీరువాలోని చవక ఫోన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకుపోయాయి. మా ఆటగాళ్ళలో ఎక్కువ మంది చేతుల్లో ఉండేవి అలాంటి ఫోన్లే. ఈ లోపానికి ఏ గ్రేడు ఇవ్వాలని ఎవరూ నన్ను అడగలేదు.

మురళి ఆ సాయంత్రం స్వయంగా మునిరత్నానికి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నాకు చెప్పలేదు. నా పేరు చెప్తానన్న మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. నిజం చెప్పాలంటే, ఆ ఆవులు దొరకకపోయి ఉంటే అతను నన్ను ఎట్లా చూసేవాడో తెలియదు. నా నిర్ణయం మాత్రం అప్పుడూ అదే అయ్యేది. విడుదల ఆపిన రోజున ఆవుల సంగతి నాకు తెలియదు.

అనుకున్న మూడు వారాలకు ‘మంచు మిట్ట’ విడుదలైంది. స్టోరు మొదటి పేజీ లేకపోవడంతో మురళి ఆశించినంత మంది రాలేదు. ఆ లోటు తర్వాత కూడా పూర్తిగా పూడలేదు, దాన్ని దాచనక్కర్లేదు. ఆట చివర్లో వచ్చే పేర్లలో మునిరత్నం పేరు టెస్టర్ల కింద వేశాం. సుగుణమ్మ చదివి వినిపించిందట. మర్నాడే ఫోన్ వచ్చింది, ఇంటి పేరులో ఒక ఒత్తు పోయిందని. నాలుగో గ్రేడు లోపంగా రాసుకుని, వారంలో సరిచేశాం.

విడుదలైన రెండు నెలల్లో చూపు లేనివాళ్ళు ఇంకా పదకొండు మంది మాకు ఫోన్ చేశారు. కొత్త సెట్టింగు గురించి విని చేరారేమోనని అందరినీ అడిగాను. నలుగురు అవునన్నారు. మిగతా ఏడుగురూ మొదటి నుంచీ ‘మడీ మందా’ ఆడుతున్నవాళ్ళే. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదన్నారు.

ఆ ఫోన్లు వచ్చాక మా ఫిర్యాదు ఫారంలో ఒక ప్రశ్న చేర్చి, దాన్ని అన్నిటికన్నా పైన పెట్టాను: ‘మీరు ఈ ఆట ఎలా ఆడతారు?’ ఫోను మోడలు ప్రశ్న రెండోదయింది. రెండేళ్ళ తర్వాత నేను రిటైరైనప్పుడు కూడా ఫారం అలాగే ఉంది. టెస్టరు దగ్గర లోపం రాకపోతే దానికి రెండు కారణాలుంటాయి: లోపం లేకపోవచ్చు, లేదా టెస్టరు ఆడే తీరు వేరు కావచ్చు. రెండోది కాదని తేల్చుకున్నాకే మొదటిది రాయాలి.